ఒకే ముఖం, పదిహేను దేహాలు: గ్రీకు నాటకంలో కోరస్

'కోరస్' అనగానే తెలుగువారికి తట్టేది సినిమా పాట. గాయకుడు పల్లవి ఎత్తుకుంటే వెనుక నుంచి పదిమంది గొంతు కలుపుతారు. వాళ్ల పేర్లు వినేవారికి తెలియవు. ఈ మాట పుట్టిన చోట సంగతి పూర్తిగా వేరు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో కోరస్ నాటకం వెనుక ఉండేది కాదు, నడిమధ్యన ఉండేది. నటులు వచ్చి పోతుంటారు. కోరస్ మాత్రం ఒకసారి అడుగుపెట్టిందంటే, కొద్ది నాటకాల్లో తప్ప, ఆఖరి మాట దాకా ప్రేక్షకుల కళ్ల ముందే ఉంటుంది. అది ఆడే చోటి పేరు ఆర్కెస్ట్రా, అంటే నాట్యస్థలం. 'కోరోస్' అన్న గ్రీకు మాటలో కూడా పాట కంటే ముందు వినిపించేది కలిసి చేసే నాట్యం.

ఉత్సవంలో జరిగే నాటకాల పోటీలో నాటకం వేయాలనుకున్న కవి నగరాధికారి అయిన ఆర్కన్ దగ్గరకు వెళ్లి 'కోరస్ అడిగేవాడు'. నచ్చితే ఆర్కన్ 'కోరస్ ఇచ్చేవాడు'. నాటకానికి అనుమతి దొరికింది అనడానికి వాళ్లకున్న మాట అదే. నటులను, రంగాలంకరణను కాక కోరస్‌ను ఇవ్వడమే నాటకాన్ని ఇవ్వడం. నేటి పాఠకుడు ఈ నాటకాలను పుస్తకంలో చదివేటప్పుడు కథ ఎప్పుడు ముందుకు కదులుతుందా అని కోరస్ పాటలను దాటవేస్తుంటాడు. ఆనాటి ప్రేక్షకుడు వచ్చింది ఆ పాటల కోసం కూడా.

ఆ కోరస్‌లోని ప్రతివాడి తల మీదా ఒక ముఖతొడుగు ఉండేది. కంటికో ముక్కుకో అడ్డంగా కట్టుకునే చిన్న ముసుగు కాదది. జుట్టుతో సహా తలంతా కప్పే తొడుగు. నారగుడ్డను గట్టిపరిచి, రంగులద్ది చేసేవారని చెబుతారు. అలాంటి వస్తువులు ఇరవై నాలుగు శతాబ్దాలు మన్నవు కనుక ఒక్కటి కూడా మనకు దక్కలేదు. దక్కినవి కుండల మీది బొమ్మలు, మట్టి ప్రతిమలు, రాతి శిల్పాలు. వాటిలో రెండు బొమ్మలు ఈ విషయంలో పుస్తకాలకు పుస్తకాలంత విలువైనవి. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ మ్యూజియంలో ఉన్న, క్రీ.పూ. 5వ శతాబ్దపు తొలి దశాబ్దాల నాటి ఒక పాత్ర మీద ఆరుగురు యువకులు జంటలు జంటలుగా మూడు వరుసల్లో చేతులు చాచి నాట్యం చేస్తుంటారు. ఆరుగురి ముఖాలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. రెండోది ఇటలీలోని రువోలో దొరికి, ఇప్పుడు నేపుల్స్‌లో ఉన్న ప్రోనొమోస్ పాత్ర, సుమారు క్రీ.పూ. 400 నాటిది. అందులో కోరస్ సభ్యులు తొడుగులను తీసి చేత పట్టుకుని ఉంటారు. చేతిలోని ముఖాలు గడ్డాలు పెరిగిన శాటిర్ల (సగం మనిషి, సగం జంతువుల) ముఖాలు, అన్నీ ఒకే పోలిక. మెడ మీది ముఖాలు నునుపైన యువకుల ముఖాలు. చిత్రకారుడు వాళ్ల పక్కన పేర్లు కూడా రాశాడు. అవి వీధిలో పిలుచుకునే మామూలు ఏథెన్స్ పేర్లు.

ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తొడుగు చేసే పని తెలిసిపోతుంది. పేరున్న మనిషి తొడుగు పెట్టుకోగానే పేరు పోతుంది. పదిహేను మందికి ఒకే ముఖం వస్తుంది. నటుడి తొడుగు కథలోని ఒక వ్యక్తిని తయారుచేస్తుంది: ఈడిపస్ రాజును, మెడియాను. కోరస్ తొడుగు వ్యక్తిని చెరిపి సమూహాన్ని తయారుచేస్తుంది. గ్రీకులో ముఖానికీ తొడుగుకూ ఒకటే మాట, 'ప్రోసోపోన్'. దాచడం అనే భావం ఆ మాటలో లేదు. ఎదుటివారికి కనిపించేదే ముఖం, అంతే. తొడుగు అసలు మనిషిని దాస్తుందనే ఆలోచన తర్వాతి కాలాలది. దానితో ఈ నాటకాలను చదివితే దారి తప్పుతాం.

మరో అపోహను కూడా ఇక్కడే పక్కన పెట్టాలి. నాటకానికి గుర్తుగా నేడు వాడే ఏడుపు ముఖం, నవ్వు ముఖం జంటలో నోళ్లు గుహల్లా తెరుచుకుని ఉంటాయి. ఆ అతిశయం తర్వాతి హెలెనిస్టిక్ (అలెగ్జాండర్ అనంతర గ్రీకు), రోమన్ కాలాలది. 5వ శతాబ్దపు విషాదనాటక కవులు ఎస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్‌ల నాటి తొడుగులు, బొమ్మలను బట్టి చూస్తే, ప్రశాంతమైన ముఖాలు. నోరు కొద్దిగా తెరిచి ఉంటుంది. ఆ ముఖం ఏడవదు, నవ్వదు. తల వంపు, అడుగు, చేయి, గొంతు దానికి భావాన్ని ఇస్తాయి. కొండవాలున చెక్క బల్లల మీద కూర్చున్న వేలమందికి, పై వరుసల్లో ఉన్నవారికి, కనుబొమల కదలిక ఎలాగూ కనిపించదు. పదిహేను తలలు ఒక్కసారి వాలిపోవడం మాత్రం కొండ పైదాకా కనిపిస్తుంది.

పదిహేను అన్నది సోఫోక్లిస్ నాటి లెక్క. అంతకుముందు పన్నెండు మంది ఉండేవారు. ప్రహసనంలో ఇరవై నలుగురు. డయోనిసస్ దేవుడి వసంతోత్సవంలో నాటకాలతో పాటు జరిగే డిథిరాంబ్ గానపోటీలో ఒక్కో బృందానికి యాభై మంది. నగరంలోని పది తెగలూ చెరొక పురుషుల బృందాన్ని, బాలుర బృందాన్ని పంపేవి. అంటే ఆ గానపోటీలోనే ఏటా వెయ్యిమంది పాడి ఆడేవారు. ప్రేక్షకుల్లో చాలామంది చిన్నప్పుడో యౌవనంలోనో ఆ వలయంలో నిలబడ్డవారే. కోరస్‌ను చూసేవారికి దాని కష్టం కాళ్లలో తెలుసు. కోరస్ శిక్షణ లేనివాడంటే చదువు లేనివాడేనని ప్లేటో తన 'చట్టాలు' గ్రంథంలో రాయించింది ఊరికే కాదు.

ఖర్చు విషయానికొస్తే, శిక్షణకు, దుస్తులకు, తొడుగులకు అయ్యే భారాన్ని ఒక ధనవంతుడు మోయాలి. అతణ్ని కొరెగోస్ అంటారు. అది ఒక రకంగా పన్ను, ఒక రకంగా గౌరవం. లిసియస్ రాసిన ఒక న్యాయస్థాన ప్రసంగంలో ఒకడు క్రీ.పూ. 411-410లో విషాదనాటక కోరస్‌కు తాను మూడు వేల డ్రాక్మాలు పెట్టానని లెక్క చెబుతాడు. ఆ కాలంలోనే అక్రోపొలిస్ మీద ఎరెక్తియోన్ గుడి కడుతున్న నిపుణుడైన పనివాడికి రోజుకు ఒక డ్రాక్మా ముట్టేది. ఆ పనివాడి ఎనిమిదేళ్ల కూలికి పైగా ఒక్క ఉత్సవానికి ఖర్చయిందన్నమాట. గెలిచిన బృందానికి దక్కిన కంచు ముక్కాలిపీటను నిలబెట్టడానికి లిసిక్రటిస్ అనే కొరెగోస్ క్రీ.పూ. 335-334లో కట్టించిన పాలరాతి కట్టడం ఏథెన్స్ పాతబస్తీలో నేటికీ ఉంది.

కోరస్ ఆట తీరు కొంత తెలుసు, చాలా తెలియదు. రెండు పక్కల దారుల్లో ఒకదాని నుంచి వరుసలు కట్టి ప్రవేశించేది. ముందు ఔలోస్ వాయించేవాడు నడిచేవాడు. ఔలోస్‌ను వేణువని అనువదించడం పరిపాటి గానీ అది సన్నాయిలాగా పీక ఉన్న వాద్యం, పైగా రెండు గొట్టాలది. దాని నాదం మెత్తనిది కాదు. పాటలు జంట చరణాలుగా నడిచేవి. మొదటి చరణం స్ట్రోఫీ, అంటే 'తిరుగుడు'. రెండోది యాంటిస్ట్రోఫీ, 'ఎదురు తిరుగుడు'. గ్రీకు ఛందస్సు కూడా తెలుగు ఛందస్సులాగే గురులఘువుల లెక్క మీద నడుస్తుంది. మొదటి చరణంలో గురువులు, లఘువులు ఏ వరుసలో పడ్డాయో రెండో చరణంలోనూ దాదాపు అదే వరుస. దాన్ని బట్టి అడుగులు కూడా అద్దంలో బింబంలా ఒకదానికొకటి జవాబిచ్చేవని ఊహిస్తారు. ప్రతి పాటకూ ఛందస్సు కొత్తది. సంభాషణలు ఏథెన్స్ మాటతీరులో ఉంటే పాటల భాష మీద డోరియన్ మాండలికపు ఛాయ ఉంటుంది. అంటే ప్రేక్షకుడి చెవికి నటుడు పొరుగువాడిలా, కోరస్ మరేదో పాత లోకం నుంచి వచ్చినట్టుగా వినిపిస్తుంది.

ఇంకొక సూక్ష్మం: పదిహేను మందీ కలిసి పాడుతూ తరచుగా 'మేము' అనరు, 'నేను' అంటారు. 'నేను భయపడుతున్నాను', 'నేను ప్రార్థిస్తున్నాను'. ఒకే ముఖానికి ఒకే సర్వనామం.

ఇంతకీ ఆ ముఖం ఎవరిది? ఈ వ్యాసానికి కీలకం ఈ ప్రశ్న. నేటిదాకా మిగిలిన గ్రీకు విషాదనాటకాలు 32. తొడుగు వెనుక ఉన్నవారందరూ పురుషులే. అయినా 32 నాటకాల్లో 21 చోట్ల వాళ్లు ధరించినవి స్త్రీల ముఖాలు. వాటిలో చాలా చోట్ల బానిస స్త్రీలు, చెరపట్టిన స్త్రీలు, పరదేశం నుంచి పారిపోయి వచ్చిన స్త్రీలు. మిగిలిన పదకొండింటిలో ఎక్కువ వృద్ధులు, తక్కినవారు నావికులు, కావలి సైనికులు. నగర సభలో లేచి మాట్లాడే హక్కున్న, కత్తి పట్టి యుద్ధానికి వెళ్లే, తానే నగరమనుకునే నడివయసు ఏథెన్స్ పౌరుడి ముఖం మాత్రం ఈ 32 కోరస్‌లలో ఎక్కడా కనిపించదు. ఉత్సవంలో కోరస్ సభ్యుడు కావాలంటే పౌరుడై ఉండాలి, పరదేశికి ఆ అర్హత లేదు. అలాంటి పౌరుడు ఆర్కెస్ట్రాలోకి వచ్చి నిలబడేది మాత్రం ఎక్కువసార్లు పౌరసత్వం లేనివాళ్ల ముఖంతో. గ్రీకు నాటకం చేసిన పనుల్లో దీన్ని మించింది లేదు.

క్రీ.పూ. 472 నాటి 'పర్షియన్లు' నాటకాన్ని తీసుకుందాం. ఎనిమిదేళ్ల క్రితం పర్షియా సేన ఏథెన్స్‌లోకి వచ్చి అక్రోపొలిస్ మీది గుళ్లను తగలబెట్టింది. ఆ కొండ దక్షిణపు వాలు కిందనే ఈ నాటకం ఆడారు. నాటకకర్త ఎస్కిలస్ పర్షియన్లతో జరిగిన మారథాన్ యుద్ధంలో పోరాడినవాడు, అక్కడే తమ్ముడో అన్నో అయిన కైనిగిరస్‌ను పోగొట్టుకున్నవాడు. ఖర్చు భరించిన కొరెగోస్ తర్వాత ఏథెన్స్ నాయకుడైన, అప్పటికి యువకుడైన పెరిక్లిస్. ప్రేక్షకుల్లో పర్షియాను ఓడించిన సలామిస్ నౌకాయుద్ధంలో తెడ్డు వేసినవారు నిండి ఉంటారు. వాళ్ల ముందుకు కోరస్ ఏ ముఖాలతో వచ్చింది? పర్షియా రాజధాని సూసాలో కొడుకుల కోసం ఎదురుచూస్తున్న ముసలి పర్షియన్ల ముఖాలతో. తమ గెలుపును శత్రువు తండ్రుల గొంతులో, ఏడుపుగా విన్నారు ఏథెన్స్ జనం. చివర చినిగిన బట్టలతో తిరిగొచ్చిన రాజు జెర్క్సిస్, ఆ వృద్ధులు మాటకు మాట అందుకుంటూ గుండెలు బాదుకుంటారు. ఇది శత్రువును ఎగతాళి చేసే నాటకమని వాదించేవారున్నారు. ఎగతాళికి ఇంత సంగీతం, ఇంత శిక్షణ, ఇంతసేపటి విలాపం అవసరం లేదు. అక్కడ శోకాన్ని అనుభవించమనే పిలుపే ఉంది.

క్రీ.పూ. 415 వసంతంలో యూరిపిడిస్ 'ట్రాయ్ స్త్రీలు' మరింత కఠినమైన ఉదాహరణ. అంతకు కొద్ది నెలల ముందే ఏథెన్స్ సేన మెలోస్ ద్వీపాన్ని లొంగదీసి, పట్టుబడ్డ వయోజన పురుషులను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మింది. నాటకం మెలోస్ గురించే రాశారని అనడానికి లేదు, కథ పురాణకాలంలో గ్రీకులు జయించిన ట్రాయ్ నగరానిది. అయినా ఆ ఏడాది ఆర్కెస్ట్రాలో నిలబడ్డ ఏథెన్స్ పురుషులు పంపకానికి సిద్ధంగా ఉన్న బందీ స్త్రీల ముఖాలు ధరించారు. తమను ఏ గ్రీకు ఊరికి తోలుకెళతారో అని ఒక్కో ఊరి పేరే తలుచుకుంటూ, పోతే థీసియస్ ఏలిన నేలకు పోతే బాగుండునని వాళ్లు పాడతారు. ఆ నేల ఏథెన్సే. అది నగరానికి పొగడ్త అని కొందరంటారు. పొగడ్తే కావచ్చు. మెలోస్ స్త్రీలు అప్పటికే అమ్ముడుపోయి ఉండగా, ఆ పొగడ్త చెవిన పడ్డవారికి గొంతులో ముల్లు గుచ్చుకోకుండా ఉంటుందా?

కోరస్ అంటే కవి అభిప్రాయాలు చెప్పే గొంతు అని, కాదు ఆదర్శ ప్రేక్షకుడని పాఠ్యపుస్తకాలు చెబుతుంటాయి. రెండో మాట 19వ శతాబ్దపు జర్మన్ పండితుడు ష్లెగెల్‌ది. ఈ రెండూ నాటకాల ముందు నిలవవు. కోరస్ పొరబడుతుంది, పిరికిపడుతుంది, ఆశపడి భంగపడుతుంది. మాట మారుస్తుంది కూడా. 'యాంటిగొనీ'లోని తీబ్స్ వృద్ధులు చాలాసేపు రాజు క్రియాన్ వైపే వంగి ఉండి, అంతా చేయి దాటే సమయానికి గానీ మనసు మార్చుకోమని అతనితో అనరు. అది కవి గొంతు కాదు, అధికారం ముందు నిలబడ్డ మామూలు మనుషుల గొంతు. కోరస్‌ను నటుల్లో ఒకరిగా, మొత్తంలో భాగంగా, కథలో పాలుపంచుకునేదిగా చూడాలని అరిస్టాటిల్ 'కావ్యశాస్త్రం'లో చెప్పాడు. అందులో యూరిపిడిస్ కంటే సోఫోక్లిస్ దారి మేలన్నాడు. మొదటి మాట నిజం. యూరిపిడిస్ గురించి అన్నది మాత్రం 'మెడియా' చదివినవారికి ఒప్పుకోబుద్ధి కాదు.

'మెడియా' (క్రీ.పూ. 431) కోరస్ కోరింత్ స్త్రీలు. మెడియా భర్త మీద పగ తీర్చుకుంటానంటే రహస్యం దాస్తామని మాట ఇస్తారు. పగకు బలయ్యేది ఆమె కన్నపిల్లలేనని తర్వాత తెలిసి వద్దని బతిమాలతారు. ఆమె లోపలికి వెళుతుంది. లోపల నుంచి పిల్లల కేకలు. లోపలికి పోదామా, పిల్లలను కాపాడాలని ఉంది అని కోరస్ పాడుతుంది. తలుపు వెనుక నుంచి పిల్లలు జవాబిస్తారు: అవును, దేవుళ్ల సాక్షిగా, కాపాడండి, ఇదే సమయం. కోరస్ కదలదు. హత్య ఇంటి లోపల, కోరస్ చోటు ఆర్కెస్ట్రా, అది గడప దాటకూడదన్నది రంగస్థల నియమం. యూరిపిడిస్ ఆ నియమాన్ని దాచిపెట్టకుండా, పిల్లల చేత పిలిపించి మరీ, అదొక నైతిక గాయంగా మార్చాడు. ఆ క్షణంలో తొడుగు మీది కదలని ముఖం కంటే భయంకరమైనది ఏముంటుంది?

ఎస్కిలస్ 'అగమెమ్నాన్' (క్రీ.పూ. 458)లో ఇదే స్థితి మరోలా వస్తుంది. లోపల రాజును పొడుస్తున్నారు, అతని కేక రెండుసార్లు వినబడింది. బయట ఆర్గోస్ వృద్ధులు. అప్పటిదాకా 'నేను' అంటూ ఒకే గొంతుగా ఉన్న కోరస్ ఒక్కసారిగా పగిలిపోతుంది. పన్నెండు మంది, మనిషికి రెండు పాదాల చొప్పున, ఒక్కొక్కరే మాట్లాడతారు. ఒకరు జనాన్ని పిలుద్దామంటారు, ఒకరు వెంటనే చొరబడదామంటారు, ఒకరు నిజంగా చనిపోయాడో లేదో తెలియకుండా ఎలా అంటారు. తర్జనభర్జన తేలేసరికి తలుపు తెరుచుకుని శవాలు కనిపిస్తాయి. దీన్ని వృద్ధుల చాదస్తంగా చదవడం అన్యాయం. ఒకే ముఖం పన్నెండు ముక్కలయ్యే ఆ దృశ్యం, సమూహం అనేది ఎంత బలమైనదో ఎంత పెళుసైనదో ఒకేసారి చూపిస్తుంది.

కోరస్ ఎప్పుడూ నిస్సహాయమే అనుకోవడం కూడా పొరపాటే. 'అగమెమ్నాన్' మొదటిదిగా ఉన్న నాటకత్రయంలో రెండోదాంట్లో బానిస స్త్రీలు దాది చేరవేసే కబురును మార్చి, హంతకుడు ఏజిస్తస్ అంగరక్షకులు లేకుండా వచ్చేలా చేస్తారు. మూడోదాంట్లో కోరస్సే పగదేవతలైన ఫ్యూరీలు. వాళ్లు ఆర్కెస్ట్రాలోకి రాగానే పిల్లలు సొమ్మసిల్లారని ఒక పాత కథ ఉంది. నిజమో కాదో గానీ, ఆ తొడుగులు ఎంతగా భయపెట్టాయన్న జ్ఞాపకం అందులో ఉంది.

వీటన్నిటిలో వింతైనది 'ఈడిపస్ రాజు'లోని ఒక పంక్తి. రాణి జొకాస్టా దైవవాక్కులను కొట్టిపారేశాక, తీబ్స్ వృద్ధులు అధర్మానికే గౌరవం దక్కుతుంటే 'నేనెందుకు నాట్యం చేయాలి?' అని పాడతారు. కథలో వాళ్లు నాట్యకారులు కారు, ప్లేగుతో అల్లాడుతున్న ఊరి పెద్దలు. ఆ ప్రశ్న అడగగలిగింది తొడుగు లోపలి మనిషి: డయోనిసస్ ఉత్సవంలో, డయోనిసస్ గుడి పక్కన, ఆ దేవుడి కోసం ఆ క్షణాన నాట్యం చేస్తున్న ఏథెన్స్ పౌరుడు. దేవుడి మాట అబద్ధమైతే తీబ్స్ ఒక్కటే కాదు, ఈ ఉత్సవం, ఈ అడుగు కూడా వృథా. అడుగు ఆపకుండానే ఆ మాట అంటారు. తొడుగు గాజులా మారి రెండు ముఖాలూ ఒకేసారి కనిపించే చోటు అది.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో నటులు తారలయ్యారు, ఊరూరా తిరిగే వృత్తి బృందాలు వచ్చాయి. కోరస్ పాటలు కథతో సంబంధం లేని విరామగీతాలయ్యాయి. ఆ పద్ధతి అగథాన్ అనే కవితో మొదలైందని అరిస్టాటిల్ అంటాడు. ఇక తర్వాతి కాలపు కవి మెనాండర్ ప్రహసనాల రాతప్రతుల్లో పాట ఉండాల్సిన చోట 'కోరూ' అన్న ఒక్క మాట కనిపిస్తుంది. 'కోరస్‌ది' అని అర్థం. ఏదో ఒకటి పాడుకోండి, కవికి పట్టదు అని.

ముందటి శతాబ్దపు పాటల విషయంలో నష్టం మరో రకంది. స్వరాలు పోయాయి, అడుగులు పోయాయి, తొడుగులు పోయాయి. మాటలు మిగిలాయి. మాటలకే ఉన్న బలం గురించి గ్రీకు రచయిత ప్లుటార్క్ ఒక కథ చెబుతాడు. ఆయన సంఘటనకు ఐదు వందల ఏళ్ల తర్వాతివాడు, అది మనసులో పెట్టుకునే వినాలి. క్రీ.పూ. 404లో ఏథెన్స్ స్పార్టా కూటమితో యుద్ధంలో ఓడి లొంగిపోయింది. ఈ నగరాన్ని నేలమట్టం చేసి గొర్రెలకు మేతబీడు చేద్దామని తీబ్స్‌కు చెందిన ఎరియాంతస్ ప్రతిపాదించాడు. మెలోస్‌కు పట్టిన గతి ఏథెన్స్ గుమ్మంలోకి వచ్చింది. ఆ తర్వాత గెలిచిన సేనానులు విందుకు కూర్చున్నప్పుడు, ఫోకిస్ ప్రాంతపువాడొకడు యూరిపిడిస్ 'ఎలెక్ట్రా'లోని కోరస్ ప్రవేశగీతం పాడాడు. రాజు కూతురై ఉండి పల్లెలో, చింకిబట్టల్లో బతుకుతున్న ఎలెక్ట్రాను పలకరిస్తూ ఊరి ఆడపిల్లలు పాడే పాట: 'అగమెమ్నాన్ బిడ్డా, ఎలెక్ట్రా, నీ పల్లె వాకిటికి వచ్చాను.' తొడుగు లేదు, నాట్యం లేదు, తోడు పాడేవారు లేరు. వింటున్నవారి గుండె కరిగిందట. ఇలాంటి కవులను కన్న ఊరిని తుడిచిపెట్టడం ఘోరమని వాళ్లకు అనిపించిందట.